సున్నాలో చుక్క

మేడ మీది గది, ఇంటి నుంచి

అమ్మాయికి మామయ్య రాసేది,

నీ ఉత్తరం అందింది. చదవడానికి రెండు రోజులు పట్టింది. నాకు చదువు తక్కువని కాదు, నీ రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఇంత ఉద్యోగం చేసేదానివి, గుండ్రంగా రాయడం రాదా. ఫోను చేస్తే ఎత్తవేమని అడిగావు. ఫోన్లో మాట్లాడింది గాలికి పోతుంది. రేపు నువ్వు అనలేదంటావు, నేను అనలేదంటాను. కాగితం మీద పడితే ఎవడూ కాదనలేడు. నాతో ఏం చెప్పాలన్నా రాసి పంపు.

నేను ముప్పై ఎనిమిదేళ్ళు రికార్డు రూములో పనిచేసిన ఆస్పత్రి కాగితాలన్నీ స్కాన్ చేసి క్లౌడులో పెడుతున్నారనీ, ఆ పని నీకే అప్పగించారనీ రాశావు. సంతోషం. తండ్రి లేని పిల్లవి, పదకొండేళ్ళప్పుడు మీ అమ్మ పోతే తెచ్చుకుని ఇంతదాన్ని చేసింది నేను. ఆ మాట నీ ఆఫీసులో ఎవరికైనా చెప్పావో లేదో.

కానీ ఆ క్లౌడు ఏమిటో నాకు అంతు చిక్కలేదు. పోస్టుమాన్‌ని అడిగితే ఆకాశంలో ఉంటుందన్నాడు. వాడి మొహం. ఎక్కడుంటుంది, తాళం ఎవరి దగ్గర, చెద పడితే దిక్కెవరు, ఇవి రాయి. నేను ఆ గదిలో ఊడ్చేవాడిగా చేరి అటెండరుగా రిటైరయ్యాను. అంకెలు, అక్షరాలు అక్కడి అట్టల మీద చూసి నేర్చుకున్నవే. అయినా ఒక్క కేసు షీటు పోలేదు, ఒక్కటి తప్పు చోటికి వెళ్ళలేదు. ఏ రోగి కాగితాలు అడిగినా కళ్ళు మూసుకుని చేత్తో తడిమి తీసిచ్చేవాణ్ణి. కొత్తగా వచ్చిన ప్రతి పెద్ద డాక్టరూ అది చూడ్డానికి ఒకసారి కిందికి దిగేవాడు. మీ యంత్రం కళ్ళు మూసుకుని తీస్తుందా?

ఏ కేసు షీటు ఎప్పుడు ఏ వార్డుకి వెళ్ళిందో నేను రాసిన రిజిస్టర్లు, ఏడాదికొకటి, కొన్నేళ్ళకి రెండు, మొత్తం నలభై రెండు నా మంచం కింద ఉన్నాయి. చిత్తు కింద పారేస్తుంటే నేనే మోసుకొచ్చాను. మీ అత్త పోయేదాకా వాటిని తిడుతూనే ఉంది. కావాలంటే అడుగు.

మీ మామయ్య


డేటా సెంటరు, రెండో అంతస్తు

మామయ్యా,

ఈసారి గుండ్రంగా రాస్తున్నాను, చూడు.

ఆకాశం లేదు, ఏమీ లేదు. ఊరికి దూరంగా కిటికీలు లేని పెద్ద భవనం. లోపల బీరువాల్లాంటి నల్లటి యంత్రాలు, వరసకు నలభై. అవి వేడెక్కకుండా చల్లగాలి కొడుతూనే ఉండాలి, అందుకని ఎండాకాలంలో కూడా నేను స్వెట్టరు వేసుకునే పనిచేస్తాను. ఆస్పత్రి ఇక సొంత గది పెట్టుకోదు, మా యంత్రాల్లో చోటు అద్దెకు తీసుకుంటుంది. కాగితాలు పెరిగినకొద్దీ చోటు పెంచుతాం. రోజూ అడిగేవి వెంటనే తీయగలిగే యంత్రాల్లో ఉంటాయి. ఏళ్ళకోసారి అడిగేవి టేపుల్లోకి పోతాయి, దాన్ని చల్లటి నిల్వ అంటాం. ప్రతి కాగితానికీ మూడు నకళ్ళు, మూడు ఊళ్ళలో. ఒక భవనం కాలిపోయినా మిగతా రెండూ ఉంటాయి. చెద పట్టదు.

ఇంకో సంగతి ఉంది. కాగితం ఒక్కటే ఉంటే అందులో రాసిందే తెలుస్తుంది. లక్షల కాగితాలు ఒకచోట చేరితే, విడిగా ఎవరికీ కనిపించనిది యంత్రానికి కనిపిస్తుంది. ఇప్పుడు అందరూ వెంటపడుతున్నది దాని కోసమే. నీ రిజిస్టర్లు తప్పకుండా కావాలి. నీ గుర్తులు ఎవరికీ అర్థం కావు కాబట్టి అవి కూడా రాసి పంపు. ఇవి కలిస్తే ఆ ఆస్పత్రి కథ మొత్తం ఒక దారానికి గుచ్చినట్టు వస్తుంది.

ఇక్కడ నాకు నీ పేరే పెట్టారు, పెద్ద అటెండరు అని. పోయిన వారం స్కాన్ చేసే ఆవిడ ఒక కాగితం పోగొట్టింది. ఇద్దరు పిల్లల తల్లినని ఏడ్చింది. అదే రోజు పంపించేశాను. కాగితం పోగొట్టినవాడికి గదిలో పని లేదని నువ్వేగా అనేవాడివి.

నీకు కోపం వచ్చే కబురు ఒకటి. అమ్మని చంపిన ఆ నర్సు ఇంకా బతికే ఉందట. చూపు పోయిందట. తన తప్పు లేదని ఒక్క కాగితం ఇస్తే చాలు, అది విని పోతానని అర్జీ పెట్టుకుంది. పాత రికార్డులు టేపుల్లోకి వెళ్ళేలోపు ఇలాంటి అర్జీలన్నిటికీ నేను జవాబు రాయాలి. ఎవరి చేతికి వచ్చి పడిందో చూడు. నువ్వు నన్ను దాని గుమ్మం ముందు నిలబెట్టి, దారిలో నేర్పిన మాట అడగమంటే, వీధి వీధంతా వినేలా అడిగాను, గుర్తుందా? "నీకు చదవడం రాదా?" అని. దాని మొహం నాకింకా గుర్తే.

నీ
అమ్మాయి


మేడ మీది గది, ఇంటి నుంచి

అమ్మాయ్,

ఇంత హడావిడి చేసి చివరికి ఇంకొకడి గోడౌను అద్దెకు తీసుకోవడమేనన్నమాట. నేను చేసిందీ అదే. రోజూ అడిగేవి నడుం ఎత్తున, ఏడాదికోసారివి నిచ్చెన వేసుకునే పైఅరలో. దీనికి నువ్వు అన్నేళ్ళు చదివావు. మూడు నకళ్ళ సంగతి మాత్రం బాగుంది. నా రిజిస్టర్లకి కూడా మూడు నకళ్ళు తీయించు. నాకు పిల్లల్లేరు. అవి ఉంటే నేను ఉన్నట్టే.

గుర్తులు రాసుకో. కేసు షీటు బయటికి వెళ్తే సున్నా. తిరిగొస్తే ఆ సున్నా మీద అడ్డగీత. వేరే ఆస్పత్రికి వెళ్తే సున్నాకి తోక. కోర్టుకి వెళ్తే రెండు సున్నాలు. వార్డు ఎన్నోదైతే అన్ని నిలువుగీతలు. కట్టిన దారం రంగు పక్కన రంగు పెన్సిలుతో చిన్న గీత. తెల్లది మామూలు జబ్బులు, నల్లది ఆపరేషను, నీలం కాన్పులు. ఎర్ర దారం కడితే ఆ మనిషికి పడని మందు ఉందని. పేర్ల ప్రకారం పేర్చేవాణ్ణి, ఒకే పేరున్నవాళ్ళంతా పక్కపక్కనే. చదువుకున్న గుమాస్తాలు నంబర్లు వెతుక్కునేలోపు నేను తీసి చేతిలో పెట్టేవాణ్ణి. అంతే, ఇంకేం గుర్తుల్లేవు.

స్కాన్ చేసేదాన్ని పంపించేశావు, మంచిపని. ఒకసారి జాలిపడితే రెండోసారి నెత్తికెక్కుతారు.

ఆ నర్సుకి ఏం జవాబు రాయాలో నన్ను అడగనక్కర్లేదు. ఆ నాటి కాగితాలు దొరకలేదని రాసిపారెయ్. విచారణలో ఏం తేలిందో లోకానికి తెలుసు. మీ అమ్మకి కాలి పుండుకి ఇంజెక్షను ఇచ్చే ముందు పాత కేసు షీటు తెప్పించారు. ఎర్ర దారం కట్టి, పడని మందు పేరు ఎర్ర సిరాతో రాసి, ఆవిడ బల్ల మీదే ఉంది. చూడకుండా పొడిచింది. వేరే కేసు షీటు వచ్చిందనీ, అనుమానమొచ్చి నాకు ఫోను చేశాననీ ఎన్ని కతలు చెప్పింది. ఫోనూ లేదు ఏమీ లేదు. చూపు పోయిందంటున్నావు. అప్పుడున్న చూపుతో ఏం చూసింది గనక.

రిజిస్టర్లు రెండు పెట్టెల్లో కట్టించి పంపాను. తడవకుండా చూడు.

మీ మామయ్య


డేటా సెంటరు, రెండో అంతస్తు

మామయ్యా,

పెట్టెలు అందాయి. నీ రాత చూసి ఇక్కడ ముసలాయన ఒకడు కళ్ళకద్దుకున్నాడు, ఇంత శుభ్రమైన రిజిస్టరు తన సర్వీసులో చూడలేదట.

నలభై రెండన్నావు, లెక్కిస్తే నలభై ఒకటి ఉన్నాయి. అమ్మ పోయిన సంవత్సరానిది లేదు. మంచం కింద ఇంకోసారి వెతుకు. దొరక్కపోయినా ఫరవాలేదు, ఈ వయసులో ఒకటి అటూ ఇటూ అవుతుంది. జాబితాలో ఆ వరసలో "అటెండరు వద్ద పోయినది" అని రాసి పెట్టాను. ఆ మాట లేకపోతే యంత్రం మిగతావి తీసుకోదు.

నీ
అమ్మాయి


మేడ మీది గది, ఇంటి నుంచి

పోయినది అని రాసేముందు నీ చెయ్యి ఎలా ఆడింది.

నా దగ్గర ఒక్క కాగితం పోలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు పోలేదు, మంచం కింద పెట్టుకున్న ఈ పదిహేడేళ్ళూ పోలేదు. నేను చచ్చాక మూడు ఊళ్ళలో మూడు యంత్రాలు వీడు పోగొట్టాడు అని చెబుతూ కూర్చోవాలా. మొన్న పెట్టెలు కట్టేటప్పుడు అది పక్కన పడింది, అంతే. ఇదిగో విడిగా పంపుతున్నాను. ఆ మాట ముందు కొట్టేయ్. కొట్టేసినట్టు నాకు రాయి.

మీ అమ్మ పోయిన సంవత్సరం కదా, చదివితే నీ మనసు పాడవుతుంది. లోపల చూడకు. లెక్కకి కలిపి ఆ టేపుల్లో, ఎవరూ అడగని చోట పెట్టేయ్.

మీ మామయ్య


డేటా సెంటరు, రెండో అంతస్తు

మామయ్యా,

ఆ మాట కొట్టేశాను. నలభై రెండూ ఉన్నాయి.

ఒకటి అడగాలి. నువ్వు చెప్పిన గుర్తులన్నీ యంత్రానికి నేర్పాం. నాలుగు లక్షల పైన వరసలుంటే, అన్నీ చదివి ఒకేలాంటి గుర్తుల్ని ఒక కుప్పగా వేసింది. అడ్డగీత సున్నాలు ఒక కుప్ప, తోక సున్నాలు ఒక కుప్ప. చివరికి ఏ కుప్పలోనూ పడని గుర్తు ఒక్కటి మిగిలింది. సున్నా, లోపల చుక్క. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారే పెట్టావు.

నువ్వు చూడొద్దన్నావు కాబట్టి నేను చూడలేదు. యంత్రమే తెచ్చి నా ముందు పెట్టింది. తేదీ చూశాను. అమ్మ పోయిన రోజు. అమ్మ ఉన్న వార్డు.

దాని అర్థం ఏమిటో నువ్వే చెప్పు. నువ్వు ఏది చెబితే అది వింటాను.

నీ
అమ్మాయి


మేడ మీది గది, ఇంటి నుంచి

అమ్మాయ్,

సిరా చుక్క. కలం కక్కితే పడుతుంది. దానికి అర్థం ఏముంటుంది.

నాలుగు లక్షల వరసలు సరిగ్గా రాస్తే అది కనిపించలేదు, ఒక చుక్క కనిపించింది మీ యంత్రానికి. పనికిమాలిన ఆడబడుచులా ఉంది, ఇల్లంతా వదిలేసి మూల ఉన్న బూజు చూపిస్తోంది.

నేను నీకేం తక్కువ చేశానో చెప్పు. ఆ రోజు నిన్ను తీసుకెళ్తానన్నవాళ్ళు ఎవరూ లేరు. మీ నాన్నవైపు వాళ్ళు వాకిట్లోంచే పోయారు. ఇంత తిండి పెట్టాను, ఫీజులు కట్టాను, నీకు జ్వరమొస్తే డ్యూటీ మానేశాను. ఇప్పుడు చుక్కలు లెక్కపెడుతున్నావు.

ఆ పేజీ తీసేయడానికి ఏం చెయ్యాలో రాయి. కాగితమైతే చించితే పోయేది. మీ దాంట్లో చింపడం అనేది ఉందా లేదా. మూడు ఊళ్ళకీ నేను వెళ్ళాలా.

మీ మామయ్య


డేటా సెంటరు, రెండో అంతస్తు

మామయ్య గారికి,

మీరు అడిగినదానికి ముందు జవాబు. చింపడం లేదు. నేను తీసేయాలనుకున్నా, నేను తీసేశానన్న సంగతి ఇంకో చోట నమోదవుతుంది.

ఇక నేను చూసింది రాస్తాను. మీరు చెప్పినట్టే అన్నీ కాగితం మీద పెడుతున్నాను.

ఆ రోజు పదకొండూ పదికి మీ రిజిస్టరులో ఒక కేసు షీటు అమ్మ వార్డుకి వెళ్ళింది. పక్కన తెల్ల దారం గీత. సున్నా, లోపల చుక్క. ఆ నంబరు అమ్మది కాదు. అమ్మ పేరే ఉన్న ఇంకొకావిడది, ఆవిడ వయసు ముప్పై నాలుగు, అమ్మకి నలభై. పదకొండూ నలభైకి ఇంజెక్షను ఇచ్చినట్టు వార్డు కాగితంలో ఉంది. ఒంటిగంటకి అమ్మ పోయింది. ఒకటీ నలభైకి అదే వార్డుకి ఇంకో కేసు షీటు వెళ్ళింది. ఎర్ర దారం గీత. అది అమ్మది. అదే నిమిషంలో తెల్ల దారంది తిరిగొచ్చినట్టు అడ్డగీత. అంటే మీరే పైకెక్కి మార్చారు. మనిషి చనిపోయిన నలభై నిమిషాలకి ఆమె పాత కేసు షీటు ఎవరికి కావాలి?

ఫోన్లో మాట్లాడింది గాలికి పోతుందని రాశారు. పోలేదు. ఆస్పత్రి టెలిఫోను ఆపరేటరు పుస్తకం కూడా స్కాన్ చేశాం. పదకొండూ ఇరవై ఐదుకి వార్డు నుంచి రికార్డు రూముకి ఒక ఫోను. రెండు నిమిషాలు. ఆ నర్సు ఫోను చేసింది. మీరు ఎత్తారు.

ఇన్నేళ్ళూ ఇవి మూడు వేర్వేరు గదుల్లో ఉన్నాయి. ఒకచోటికి చేర్చింది నేను, గుర్తులు నేర్పింది మీరు.

ఇప్పుడు మీకు ఒక్కటే దారి ఉంది. ఆ గుర్తు అర్థం మీ చేత్తో రాసి పంపండి. అది సిరా చుక్కే అంటే, సున్నాల్లో ఏది గుర్తో ఏది మరకో తెలియని రిజిస్టర్లవుతాయి నలభై రెండూ. జాబితాలో "నమ్మదగినవి కావు" అని రాస్తాను. అలాంటివాటిని మేం అద్దె చోటులో ఉంచం. ఒక్క నకలు కూడా ఉండదు. కాగితాలు చిత్తుకి పోతాయి. మీరు లేనట్టే.

వారం టైము ఉంది.

(సంతకం)


మేడ మీది గది, ఇంటి నుంచి

నువ్వు అనేదానివి మీరు అన్నావు. చదివి కాసేపు ఎవరికి రాశావో అనుకున్నాను.

రాసుకో. సున్నాలో చుక్క అంటే తప్పుది వెళ్ళింది అని.

ఆ రోజు కొత్త సూపరింటెండెంటు కిందికి దిగాడు. వెనక నలుగురు డాక్టర్లు. ఈయనేనా కళ్ళు మూసుకుని తీసేది అన్నాడు. అప్పుడే వార్డు నుంచి చీటీ వచ్చింది, మీ అమ్మ కేసు షీటు పంపమని. చెల్లెలిది కదా, ఇంకా సులువు అనుకున్నాను. తువ్వాలు తీసి కళ్ళకి కట్టుకున్నాను, వాళ్ళకి నమ్మకం కుదరాలని. ఆ పేరు కట్టలో మీ అమ్మది పైనుంచి రెండోది. తడిమి రెండోది తీశాను. చప్పట్లు కొట్టారు. అదే వారం అదే పేరున్న ఇంకెవరివో కాగితాలు తిరిగొస్తే నేనే పైన పెట్టాను, మీ అమ్మది మూడోదైంది. ఆ సంగతి చేతికి గుర్తు రాలేదు. ఎర్ర దారమని చేతికి తెలియదు కదా. దారం ఏదైనా వేలికి ఒకటే.

రిజిస్టరులో నేను చూసి రాయలేదు. వాళ్ళు పోయాక, కట్టలో మిగిలినవి చూసి, వెళ్ళినది ఏదో పట్టుకుని దాని నంబరు రాశాను. రాస్తుంటేనే ఆ నర్సు ఫోను చేసింది. వయసు తేడాగా ఉంది, ఇదేనా అని అడిగింది. నా చేతిలో అప్పుడే తప్పు నంబరు ఉంది. అవునమ్మా పొరపాటైంది ఆగు అంటే సరిపోయేది. పైన ఆ నలుగురు డాక్టర్లు ఇంకా మెట్ల మీదే ఉన్నారు, నవ్వులు వినిపిస్తున్నాయి. నా పని నాకు నేర్పుతావా, ముందు నీ పని చూసుకో అన్నాను. ఫోను పెట్టేశాను. మందు పడకపోవడం అందరికీ అవుతుందా, ఏం కాదులే అనుకున్నాను. తర్వాత వెళ్ళి మార్చొచ్చులే అనుకున్నాను. వెళ్ళేసరికి మార్చడమే మిగిలింది.

మనుషులతో అబద్ధం చెప్పాను. రిజిస్టరులో చెప్పలేదు. అందులో ఎప్పుడూ చెప్పలేదు. అందుకే చుక్క పెట్టాను. ఆ పేజీ చించేద్దామని ఎన్నిసార్లు మంచం కింద నుంచి తీశానో. చేతకాలేదు. నమ్మదగినవి కావు అని మాత్రం రాయకు. నాలుగు లక్షల్లో ఒక్కటి.

నిన్ను ఆవిడ గుమ్మం ముందు నిలబెట్టి ఆ మాట ఎందుకు అడిగించానంటే, ఆ మాట అడిగించుకోవాల్సింది నేను గనక. ఇంతకన్నా నన్నేం అడగొద్దు.

మీ మామయ్య


డేటా సెంటరు, రెండో అంతస్తు

మామయ్య గారికి,

మీ ఉత్తరం స్కాన్ చేసి రిజిస్టర్ల పక్కన పెట్టాను. మూడు నకళ్ళూ ఉంటాయి. జాబితాలో "నమ్మదగినవి" అని రాశాను. మీరు కోరుకున్నది జరిగింది.

ఆవిడ అర్జీకి జవాబు తయారుచేశాను. తప్పు ఆవిడది కాదని, ఎవరిదో, ఎలాగో, గంటలు నిమిషాలతో ఒక పేజీ. నేనే తీసుకుని వెళ్ళాను. అదే ఇల్లు, అదే గుమ్మం. గొంతు విని గుర్తుపట్టింది. లోపలికి రానివ్వలేదు. నేను చదవబోతే వద్దంది. "చిన్నపిల్లవి, నీ చేత ఒకసారి చెప్పించారు, మళ్ళీ వద్దు. చేసినవాణ్ణి పంపు, అతని గొంతుతో వింటాను" అంది.

నేను పంపించేసిన స్కానింగు ఆవిడ పోగొట్టిన కాగితం నిన్న యంత్రం వెనక దొరికింది. యంత్రమే లోపలికి లాక్కుంది, ఆవిడ తప్పేం లేదు. ఆవిడ చోటులో అప్పటికే ఇంకొకరు చేరారు. ఇంటికి వెళ్తే తలుపు తీయలేదు. నేను ఎవరి పెంపకమో ఇప్పుడు అందరికీ తెలుస్తోంది.

ఆ పేజీ దీంతో జత చేశాను. పదకొండూ పదికి వెళ్ళండి. ఇక మీదట నాకు రాసేది ఏమున్నా ఆవిడ చెప్పమన్నదే రాయండి.

(సంతకం)


మేడ మీది గది, ఇంటి నుంచి

అమ్మాయికి,

వెళ్ళాను. పదకొండూ పదికే వెళ్ళాను.

చిన్న గది. ఇనప మంచం, మందుల డబ్బా, ఒక కుర్చీ. పక్కింటావిడ తలుపు తీసి వెళ్ళిపోయింది. నేను కుర్చీ లాగుతుంటే చప్పుడు విని నిలబడే చదవమంది. తెల్ల చీర, మడత నలగలేదు. ఉద్యోగం పోయి ఇన్నేళ్ళయినా డ్యూటీకి వెళ్ళేదానిలా కూర్చుంది.

నువ్వు పంపిన పేజీ అచ్చులో ఉంది. నా రాత నేను చదువుకుంటాను, నీ గుండ్రటి రాత రెండు రోజులు పట్టినా చదువుతాను, అట్టల మీది పేర్లు చదువుతాను. ఆ చిన్న అక్షరాలు, పెద్ద పెద్ద మాటలు నాకు రావు. మొదటి వరసలోనే ఆగిపోయాను. కూడబలుక్కుంటూ రెండో వరసకి వచ్చేసరికి చెమట పట్టింది. ఆవిడ పేరు దగ్గర తప్పు చదివాను. ఆవిడ నా వైపు తల తిప్పింది. తర్వాత అడిగింది.

"ఏమయ్యా, నీకు చదవడం రాదా?"

వెక్కిరించినట్టు కాదు. మందు వేసుకున్నావా అని రోగిని అడిగినట్టు అడిగింది. రాదు అని చెప్పాను. పుట్టి ఇన్నేళ్ళకి ఒకరితో చెప్పాను. అయితే వచ్చేదాకా రోజూ రా అంది.

రోజూ వెళ్తున్నాను. ఒక అంకె మింగితే మొదటి నుంచి చదివిస్తుంది. పదకొండూ ఇరవై ఐదు దగ్గర, నేను ఫోన్లో అన్న మాట దగ్గర, ఆ రోజు అన్నట్టే గట్టిగా అనమంటుంది. వీధిలో పోయేవాళ్ళు ఆగి వింటారు. కిటికీ మూస్తానంటే వద్దంది. ఇంటికి వచ్చి సాయంత్రం దాకా ఆ పేజీయే చదువుకుంటున్నాను. నన్ను క్షమించమని నీకు రాయమని ఆవిడ చెప్పలేదు. అందుకని రాయడం లేదు.

నిన్న తొమ్మిదో రోజు. పైనుంచి కింది దాకా ఒక్క తప్పు లేకుండా చదివాను. నీతో దాచేదేముంది, చదివాక ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. బాగుందనుకున్నాను. ఆవిడ కూడా బాగా చదివావు అంది.

కాగితం మంచం మీద పెట్టమంది. పెట్టాను.

"ఆస్పత్రిలో అందరూ చెప్పుకునేవాళ్ళు. నేనెప్పుడూ చూడలేదు. ఇక చూడలేను కూడా. ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పు," అంది.

కళ్ళు మూసుకున్నాను. ఒక్క అక్షరం తప్పిపోలేదు.

మామయ్య